జంట సీజన్ కోడలు

మా పక్క వాటాలోకి ఆ పిల్ల కోడలుగా వచ్చిన కొత్తలో, పాపం నోట్లో నాలుక లేనిదని మా మెట్ల మీద అందరం అనుకున్నాం. ఎదురుపడితే నవ్వేది. "డ్యూటీ అయిందా అమ్మా?" అంటే తల ఊపేది. "ఏం వండారు ఇవాళ?" అంటే మళ్ళీ నవ్వేది. నాలాంటి మనిషికి అలాంటి పిల్ల పక్కింట్లో ఉండడమంటే మూత రాని డబ్బా ముందు కూర్చోవడమే.

ఒకరోజు మా చెల్లెలిని చూసొద్దామని బస్టాండుకు వెళ్ళాను. నా బస్సు జాడ లేదు. అంతలో పైనున్న స్పీకర్లలోంచి ఒక గొంతు వచ్చింది. ఏం గొంతు! ప్రతి మాటా కడిగి ఆరబెట్టినట్టు విడివిడిగా, తేటగా. "ప్రయాణికులకు విజ్ఞప్తి. మూడవ ప్లాట్‌ఫారం నుండి బయలుదేరవలసిన బస్సు ఆలస్యముగా నడుచుచున్నది. కలిగిన అసౌకర్యమునకు చింతిస్తున్నాము." బస్సు రాలేదని చెబుతుంటే ఒళ్ళు మండాలి గదా! నాకేమో ఇంకాసేపు రాకపోయినా బాగుండు, ఇంకోసారి చెబుతుంది అనిపించింది. ఎవరబ్బా ఈ పిల్ల అని, సంచీ పక్కావిడకు అప్పజెప్పి, అద్దాల గది దాకా వెళ్ళి, అద్దానికి ముక్కు ఆనించి చూశాను. మైకు ముందు మా పక్కింటి కోడలు!

తిరిగొచ్చాక నిలదీశాను. "ఇంత గొంతు పెట్టుకుని ఇంట్లో అలా నోరు కుట్టేసుకుంటావేమే?"

"రోజంతా ఊరందరికీ చెప్పి చెప్పి వస్తాను పెద్దమ్మా. ఇంటికొచ్చాక గొంతుకి సెలవు," అంది.

అప్పటినుంచి మా మెట్ల మీద ఆమె పేరు మైకు. ఎదుటే పిలుస్తాం, ఏమీ అనుకోదు.

ఇక ఆమె మామగారు. సరుకుల యార్డులో క్రేన్ నడిపి రిటైరయ్యారు. నేను అన్నయ్యగారూ అంటాను. క్రేన్ మీద గది ఎక్కడో ఆకాశంలో ఉంటుంది, మాట్లాడడానికి పక్కన పిట్ట కూడా ఉండదు. అలా ఉండీ ఉండీ ఆయనకు మాట అవసరం తగ్గిపోయింది. ఆ ఉద్యోగంలో ఒక పద్ధతి ఉంది, అది ఆయన ఒంట్లో ఇంకిపోయింది. కింద సిగ్నల్ మనిషి ఒకడు నిలబడి "ఎత్తు" అంటేనే ఎత్తాలి, "దించు" అంటేనే దించాలి. పైవాడికి ఎంత బాగా కనిపిస్తున్నా సరే, కింద నుంచి మాట వచ్చేదాకా చెయ్యి కదపకూడదు. ఆయన ఇంట్లో కూడా అంతే. వడ్డించిన కంచం ఎదురుగా ఉన్నా వాళ్ళావిడ, అంటే మా వదిన, "తినండి" అంటే గాని ముద్ద కలపరు.

అలాంటి మామగారు, ఇలాంటి కోడలు. మధ్యలో మా వదిన. ఆమె ఉసూరుమంటూ నా దగ్గరకొచ్చి చెప్పేది. "ఇంట్లో గ్యాస్ అయిపోయిందని ఆయనకి చెప్పాలంటే ఆ పిల్ల నాతో చెబుతుంది. ఆ పిల్లకి రేపు డ్యూటీ ఉందో లేదో తెలియాలంటే ఆయన నన్నడుగుతారు. ఇద్దరూ పక్కపక్క కుర్చీల్లోనే ఉంటారు వదినా! నేను వాళ్ళిద్దరి మధ్య పోస్టుమాన్‌ని."

ఆ ఇంట్లోకి ఫుట్‌బాల్ ఆట పెట్టె తెచ్చినవాడు వదిన కొడుకు, అంటే మైకు మొగుడు. టీవీకి తగిలించి, చేతిలో బటన్ల రిమోటు పట్టుకుని ఆడతారే, అది. వాడు శీతల గిడ్డంగిలో పని చేస్తాడు, సగం రోజులు సాయంత్రం షిఫ్టే. వాడు అటు వెళ్ళగానే పెట్టె ఖాళీ.

ఒక సాయంత్రం గోడ అవతల నుంచి బస్టాండు గొంతు వినిపించింది. ఇదేమిటి, ఇంట్లో మైకు పెట్టారా అని, చక్కెర కోసమన్నట్టు ఒక గిన్నె పట్టుకుని వెళ్ళాను. నా ఇంట్లో చక్కెర నిండుగానే ఉంది. వెళ్ళి చూద్దును గదా, అన్నయ్యగారు సోఫాలో రిమోటు పట్టుకుని బిగుసుకుని కూర్చున్నారు. ఆ రిమోటు మీద బొటనవేళ్ళతో తిప్పే పుల్లలు రెండు ఉంటాయి. క్రేన్ లీవర్లలా ఉన్నాయి, ఎలా తిరుగుతాయో చూద్దామని పట్టుకున్నారట. తెర మీద ఒక ఆటగాడు బంతి కాళ్ళ దగ్గర పెట్టుకుని, పాపం, ఎటూ కొట్టక గుండ్రంగా తిరుగుతున్నాడు. కొట్టమని చెప్పేవాళ్ళు లేరు గదా మరి! డ్యూటీ నుంచి అప్పుడే వచ్చిన కోడలు చెప్పులైనా విప్పకుండా గుమ్మంలో నిలబడి చెబుతోంది.

"ఎడమవైపు ఒకతను ఖాళీగా ఉన్నాడు. ఇచ్చేయండి."

ఇచ్చారు.

"ఇప్పుడు ముందుకి. ఇంకా. ఇంకా. ఆగండి... కొట్టండి!"

కొట్టారు. గోలు! అన్నయ్యగారు తలతిప్పి కోడలి వైపు చూసి, "మళ్ళీ చెప్పు," అన్నారు. వదిన ప్రమేయం లేకుండా ఆ ఇంట్లో మామాకోడళ్ళ మధ్య నడిచిన మొదటి మాట అదేనని వదిన ఇప్పటికీ చెబుతుంది. ఆ రాత్రి వంట ఆలస్యమైందని కూడా చెబుతుంది.

తర్వాత ఆ పిల్ల రెండో రిమోటు తీసుకుంది. అలా మొదలైంది జంట సీజన్.

అదేమిటో నేను అడిగి అడిగి తెలుసుకున్నాను కాబట్టి మీకూ చెబుతాను. ఈ ఆటలో రకరకాల విభాగాలుంటాయి, వాటిని మోడ్‌లంటారు. జంట సీజన్ మోడ్‌లో ఇద్దరు మనుషులు ఒకే టీవీ ముందు, ఒకే జట్టులో ఆడతారు. ఒకళ్ళమీద ఒకళ్ళు కాదు, ఇద్దరూ ఒకవైపే. అట్టడుగు లీగులో చిన్న జట్టును తీసుకుని, సీజన్ తర్వాత సీజన్ గెలుచుకుంటూ పైకి రావాలి. ఆటగాళ్ళకు వయసు మళ్ళుతుంది, రిటైరవుతారు, కొత్తవాళ్ళు వస్తారు. వీళ్ళిద్దరూ తమ దానికి యార్డు జట్టు అని పేరు పెట్టుకున్నారు. చొక్కాలు క్రేన్ రంగు పసుపు.

ఆడేటప్పుడు ఆ పిల్ల గొంతు వినాలి. ఎంత ఆవేశం వచ్చినా 'అండీ' మాత్రం జారిపోదు. "మామయ్యగారూ, పాస్ ఇవ్వండీ! ఇవ్వండీ! అయ్యయ్యో, గోలు ముందు నిలబడి ఆకాశంలోకి కొడతారా అండీ! అది క్రేన్ కాదండీ!" అని అరుస్తుంది. ఆయనేమో కళ్ళు తెర మీదే ఉంచి, "నువ్వు 'కొట్టండి' అన్నావు, 'కిందకి' అన్లేదు," అంటారు. సిగ్నల్ సరిగా ఇవ్వకపోతే తప్పు సిగ్నల్ మనిషిదే అని యార్డు రూలట.

ఇంత ముచ్చటైన మోడ్‌ను ఆ కంపెనీవాళ్ళు ఎలా చూసేవాళ్ళనుకున్నారు? ఏటేటా కొత్త ఆట వస్తుంది, అట్ట మీద కొత్త బొమ్మ వస్తుంది, జంట సీజన్ మాత్రం వెల్ల వేయని పెరటి గోడలా ఎక్కడిదక్కడే. వాళ్ళ ముద్దంతా కార్డుల మోడ్ మీద. అందులో ప్యాకెట్టు చింపితే ఆటగాడి బొమ్మ ఉన్న కార్డు వస్తుంది, మంచివాడు రాకపోతే ఇంకో ప్యాకెట్టు చింపాలి. మైకు మొగుడు ఆడేది అదే, చెవులకు డిప్పలు తగిలించుకుని, ఒక్కడూ. దానికేమో ఏటా కొత్త హంగులు, బాణాసంచా, పాటలు. జంట సీజన్‌లో కొత్తగా వచ్చే ఆటగాళ్ళందరికీ ఒకటే మొహం, ఒకటే గుండు. ఊరు మొత్తానికి ఒకే మంగలి, వాడికి ఒకే పని వచ్చినట్టు. ఆ పిల్ల వాళ్ళను పొడుగు గుండు, పొట్టి గుండు, కోపం గుండు అని గుర్తు పెట్టుకునేది. ఆట మధ్యలో ఆపే హక్కు మొదటి రిమోటుకే ఉండేది. పొయ్యి మీద పాలు పొంగుతుంటే ఆ పిల్ల, "మామయ్యగారూ, ఆపండి ఆపండి!" అని బతిమాలుకోవాలి. కప్పు గెలిస్తే ఇంకా అన్యాయం. మొదటి రిమోటు వాళ్ళ మనిషి కప్పు ఎత్తుతాడు, రెండో రిమోటు వాళ్ళ మనిషి అటు తిరిగి ప్రకటనల బోర్డు చూస్తూ నిలబడతాడు, బంధువుల పెళ్ళిలో అలిగినవాడిలా.

దానిమీద ఆ ఇంట్లో ప్రతి ఫైనల్ ముందూ ఒక రభస. "మొదటిది నువ్వు పట్టుకో." "కాదు మామయ్యగారూ, మీరే పట్టుకోండి." "నేను చూశాన్లే ఇదివరకు, నువ్వెత్తు." చివరికి వదిన వచ్చి ఎవరికో ఒకరికి చేతిలో పెట్టి పోయేది.

ఎన్ని లోపాలున్నా వాళ్ళు మానలేదు. అట్టడుగు లీగు నుంచి పై లీగు దాకా ఎక్కించారు ఆ పసుపు చొక్కాలను. ఈలోగా ఆ పిల్ల ఇంట్లో కూడా గొంతు విప్పింది. మామగారితో బస్టాండు కబుర్లు చెప్పడం, ఆయన యార్డు కబుర్లు చెప్పడం. క్రేన్ మీద నుంచి ఒకసారి వాన ఒక వీధిలో పడి పక్క వీధిలో పడకపోవడం చూశారట ఆయన. ఇన్నేళ్ళ కాపురంలో ఆ సంగతి వదినకే తెలియదు!

ఒక జట్టుతో ఇన్ని సీజన్లే అని ఆటలో హద్దు ఉంటుంది. ఆ తర్వాత జట్టును వచ్చే ఏడు వచ్చే కొత్త ఆటలోకి మార్చుకోవాలి. వీళ్ళు ఆ హద్దు దాకా వచ్చేశారు, ఆఖరి సీజన్ నడుస్తోంది. సరిగ్గా అప్పుడే కంపెనీ ప్రకటించింది, కొత్త ఆటలో జంట సీజన్ ఉండదని. కారణం, ఆడేవాళ్ళు దాదాపు లేరట.

ఆ రోజు నేను వెళ్ళేసరికి టీవీ కట్టేసి ఉంది. పిల్ల ఒక మూల, మామగారు ఒక మూల.

"ఏమైందే?"

"మా జట్టు వెళ్ళడానికి చోటు లేదు పెద్దమ్మా," అని విషయం చెప్పింది. ఆ గొంతులో బస్టాండు లేదు.

వదిన నా చెయ్యి పట్టుకుని వంటింట్లోకి లాక్కెళ్ళింది. "ఏదో ఒకటి చెయ్యి వదినా. మళ్ళీ ఈ ఇంట్లో నేను పోస్టుమాన్ ఉద్యోగం చెయ్యలేను."

నేనేం చేస్తాను, చదివింది ఐదో తరగతి. కాని ఆ పిల్ల చేసింది. జంట సీజన్ ఆడేవాళ్ళు ఎక్కడెక్కడివాళ్ళో కలిసి ఫోన్‌లో ఒక గ్రూపు పెట్టుకున్నారు. అందులో చేరింది. విరామంలో టీ తాగుతూ చదివేది, ఇంటికొచ్చి మాకు వినిపించేది. తమ్ముడితో కలిసి ఆడే మంగలి ఒకాయన ఉన్నాడు. గుండు మొహాల మీద అందరికంటే ఎక్కువ మండిపడేది ఆయనే, వృత్తికి అవమానమని. బట్టలుతికే దుకాణం నడిపే అక్కాచెల్లెళ్ళున్నారు. భార్యాభర్తలున్నారు, పోట్లాట వస్తే మాటలు మానేసి ఆట మాత్రం ఆడతారట. అందరికీ ఒకటే బాధ. ఏళ్ళుగా అవే లోపాలు, ఎవరూ పట్టించుకోరు, ఇప్పుడు ఏకంగా తీసేస్తున్నారు. తిట్లు మాత్రం గ్రూపులో వరదలై పారేవి.

"అక్కా, మీ గొంతు బాగుంటుందటగా. కంపెనీవాళ్ళని కడిగిపారేస్తూ ఒకటి చెప్పండి, అందరం పంపిద్దాం," అన్నాడట ఆ మంగలి.

"నేను రోజూ రాని బస్సుల గురించి చెబుతానండీ. తిట్టి చెబితే ఎవరూ వినరు. ఆగండి, ఆలోచిద్దాం," అందట ఈ పిల్ల.

ఆలోచన ఎక్కడ తట్టిందో నేను కళ్ళారా చూశాను. ఒక సెలవు రోజు మధ్యాహ్నం, మామాకోడళ్ళు ఆఖరి సీజన్ ఆట ఒకటి ముగించి లేచారు. నేనూ వదినా అక్కడే కూర్చుని బఠానీలు ఒలుస్తున్నాం. మైకు మొగుడు వచ్చి కార్డుల మోడ్ పెట్టబోయి, పెట్టె వెనక వంగి విసుక్కున్నాడు.

"మళ్ళీ ఇంటర్నెట్ వైరు ఎవరు పీకారు?"

"నేనే," అన్నారు అన్నయ్యగారు. "అది ఉంటే ఆట మధ్యలో ఆ కార్డులు కొనమని ఊడిపడుతుంది. గోలు కొట్టబోతుంటే సంతలోవాడు చొక్కా పట్టుకున్నట్టు."

"మీరు పీకితే నేను పెట్టుకోవడం, నాకిదో పని నాన్నా. అయినా ఆ పాత మోడ్‌లో ఏముందని? కంపెనీకి లెక్కలుంటాయి. ఎవరు ఏది ఎంతసేపు ఆడుతున్నారో వాళ్ళకి అంతా కనిపిస్తుంది. మీ మోడ్ ఎవరూ ఆడట్లేదు కాబట్టే తీసేస్తున్నారు."

"మేం ఆడుతున్నాంగా! వాళ్ళకెలా కనిపిస్తుందిరా?"

"ఎలా ఏమిటి, ఈ వైరులోంచే."

ఆ పిల్ల చేతిలోని మంచినీళ్ళ గ్లాసు నోటి దాకా వెళ్ళి ఆగిపోయింది.

"మామయ్యగారూ, మనం ఎప్పుడూ వైరు తీసే ఆడామా?"

"ఎప్పుడూను."

"మొదటి సీజన్ నుంచీ?"

"మొదటి రోజు నుంచీ. ఆ సంత నాకు పడదని చెప్తున్నాగా."

గ్లాసు కింద పెట్టి ఫోన్ తీసుకుంది. గ్రూపులో ఒక్క ప్రశ్న అడిగింది, ఆడేటప్పుడు వైరు పెట్టి ఆడతారా, తీసేసి ఆడతారా అని. మేం ఒలిచే గిన్నె నిండకముందే జవాబులు టపటపా రాలాయి. అక్కాచెల్లెళ్ళు తీసేస్తారట, ఆ ప్రకటనల గోల భరించలేక. మంగలి ఇంట్లో అసలు వైరే లేదు. భార్యాభర్తలు ఆట మొదలుపెట్టే ముందు వైరు తీసి డ్రాయరులో పెడతారట. ఒక్కళ్ళంటే ఒక్కళ్ళు పెట్టి ఆడేవాళ్ళు లేరు!

నాకు నవ్వాగలేదు. ముందు గుమ్మానికి తాళం వేసుకుని అందరూ పెరటి దారిన తిరుగుతుంటే, జనాభా లెక్కలవాడు వచ్చి ఖాళీ ఇల్లని రాసుకుపోడూ? వాడిదా తప్పు?

"మా బస్టాండులోనూ ఇలాగే అయింది పెద్దమ్మా," అంది ఆ పిల్ల, కళ్ళు మెరుస్తుండగా. "పాత మార్కెట్ బస్సు ఒకటి ఎవరూ ఎక్కట్లేదని ఎత్తేశారు. చూస్తే జనం బోలెడు. అందరూ గేటు బయట ఎక్కి బస్సులోనే టికెట్ కొనేవాళ్ళు. మా కౌంటర్లో సున్నా. నేనే మైకులో చెప్పీ చెప్పీ అందర్నీ కౌంటరు దగ్గరికి రప్పించాను. బస్సు మళ్ళీ వేశారు."

"అయితే ఇప్పుడూ చెప్పు," అన్నారు అన్నయ్యగారు.

చెప్పింది. వాళ్ళింట్లో కుక్కరు ఈలలు వేస్తోందని మా వెనక గదిలో కూర్చుని ఫోన్‌లో రికార్డు చేసింది. నేను ఫ్యాను కట్టేసి, గడియారం బయట పెట్టి, ఊపిరి బిగబట్టి నిలబడ్డాను. గొంతు సవరించుకుని మొదలుపెట్టింది.

"ఆటగాళ్ళకు విజ్ఞప్తి. జంట సీజన్ ఆడు సోదర సోదరీమణులు, మామాకోడళ్ళు, భార్యాభర్తలు, స్నేహితులు దయచేసి గమనించగలరు. మనము వైరు తీసి ఆడుచున్నందున కంపెనీవారికి మనము కనిపించుట లేదు. కావున వచ్చే ఆదివారమునాడు అందరూ వైరు తగిలించి, ప్రకటనలను ఓర్పుతో మూయుచూ, ఒక ఆట ఆడవలసినదిగా కోరుచున్నాము. మంగలి సోదరులు పక్కింటివారి వైరు అడిగి తీసుకొనగలరు. కంపెనీవారికి కలిగిన అయోమయమునకు చింతిస్తున్నాము."

చివరి మాటకు నేను నోరు మూసుకుని నవ్వాను. ఆ పిల్ల మాత్రం పెదవి కూడా కదల్చలేదు. అదీ ఉద్యోగం చేసే మనిషి తీరు.

ఆ ప్రకటన ఎక్కడెక్కడికి పోయిందో! గ్రూపులోంచి ఇంకో గ్రూపుకు, అక్కడినుంచి మన భాష రానివాళ్ళ దగ్గరికి కూడా. ఎవరో కింద తమ భాషలో అర్థం రాసుకుని పంచుకున్నారట. మా మెట్ల మీద ఇస్త్రీ అతను నాకే వినిపించాడు, "వినండమ్మా, ఎవరో భలే చెప్పింది," అని. "ఎవరో ఏమిటయ్యా, మా పక్కింటి పిల్ల! మా వెనక గదిలోనే చెప్పింది, ఫ్యాను కట్టేసింది నేనే!" అన్నాను. మర్నాటికి ఆ సంగతి వీధి చివర దాకా అందరికీ తెలిసింది. తెలియజేయాల్సిన బాధ్యత నాదే గదా.

ఆదివారం వచ్చింది. యార్డు జట్టుకు ఆఖరి సీజన్‌లో ఆఖరి ఆట, గెలిస్తే కప్పు. కావాలనే ఆ రోజు దాకా దాచుకున్నారు. నేనూ వదినా కుర్చీలు వేసుకున్నాం. మైకు మొగుడు తనే వచ్చి వైరు తగిలించి, పీకకుండా పెట్టె పక్కన కాపలా కూర్చున్నాడు. చెవి డిప్పలు మెడలో వేలాడుతున్నాయి గాని పెట్టుకోలేదు.

ఆట మొదలైన దగ్గర్నుంచి సంత మొదలైంది. ఈ వారం ప్రత్యేకం, త్వరపడండి, కొత్త ప్యాకెట్టు. అన్నయ్యగారు ప్రతిదానికీ, "వద్దు నాయనా, వద్దు," అని మర్యాదగా చెప్పి మూస్తున్నారు.

"దానితో మాట్లాడకండి మామయ్యగారూ, బంతి చూడండి! కుడివైపు, కుడివైపు! కోపం గుండుకి ఇవ్వండీ!"

కోపం గుండు కొట్టాడు, స్తంభానికి తగిలింది. అవతలివాళ్ళు ఒకటి కొట్టారు. వీళ్ళు గింజుకున్నారు, చెమటలు కక్కారు, వదిన చీర కొంగు నములుతోంది. ఈల మోగేసింది. ఓడిపోయారు, ఒక్క గోలుతో.

అన్నయ్యగారు రిమోటు ఒళ్ళో పెట్టుకుని, "పోన్లే అమ్మా. వచ్చే సీజన్‌లో చూసుకుందాం," అన్నారు.

అన్నాక గుర్తొచ్చింది ఆయనకు. మాకందరికీ కూడా. తెర మీద యార్డు జట్టు పసుపు చొక్కాలు ఒక్కొక్కటే లోపలికి వెళ్ళిపోయాయి. తర్వాత సీజన్‌కు వెళ్ళే బటన్ ఉండాల్సిన చోట ఏమీ లేదు. కొడుకు లేచి, తండ్రి భుజం మీద ఒకసారి చెయ్యి వేసి, టీవీ కట్టేశాడు.

తర్వాత రోజులు బరువుగా నడిచాయి. అయితే ఒకటి చెప్పాలి. వదిన భయపడినట్టు కాలేదు. ఆట లేకపోయినా, "ఇవాళ మీ బస్టాండులో ఏమిటి విశేషం?" అని ఆయనే నోరు తెరిచి అడగడం నేను విన్నాను. కాని ఆ పిల్ల చెప్పే జవాబులు పొట్టివవుతున్నాయి. సాయంత్రం ఆ వేళకి ఇద్దరికీ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలిసేది కాదు. ఆయన సోఫాలో రెండో మనిషికి చోటు వదిలి కూర్చునేవారు.

ఒక సాయంత్రం నేను మెట్ల మీద కూర్చుని ఉన్నాను. కింద నుంచి మైకు పరుగెత్తుకుంటూ వస్తోంది. చేతిలో ఫోన్, భుజం మీద జారిపోతున్న సంచీ.

"ఏమైందే?" అన్నాను.

"తర్వాత, తర్వాత పెద్దమ్మా!" అని నన్ను దాటి వెళ్ళిపోయింది. నన్ను దాటి వెళ్ళిపోవడం మా మెట్ల మీద మామూలు విషయం కాదు. నేనూ వెనకే వెళ్ళాననుకోండి.

నేరుగా మామగారి ముందు నిలబడింది. ఆ పిల్ల ఎప్పుడూ లేనిది, ఇంట్లో నిలబడి, బస్టాండు గొంతుతో చెప్పింది.

"మామయ్యగారూ, ఉంచుతున్నారు! జంట సీజన్ ఉంచుతున్నారు! ఇంతమంది ఆడుతున్నారని తెలియదని వాళ్ళే ఒప్పుకున్నారు. ఆ ఒక్క ఆదివారం చూసి బెదిరిపోయారట. మన జట్టును కొత్త ఆటలోకి మార్చుకోవచ్చు. రెండో రిమోటుకి కూడా ఆపే బటన్ ఇస్తారు!"

అన్నయ్యగారు లేచి నిలబడ్డారు. కోడలి తల మీద చెయ్యి పెట్టి, "అందరికీ వినబడేట్టు చెప్పావు," అన్నారు. అంతే. ఆయన నోట అది ఎంత పెద్ద మాటో మాకు తెలుసు. మాకు తెలియకూడదన్నట్టు వదిన వంటింట్లో గిన్నెలు గట్టిగా చప్పుడు చేసి, కళ్ళు తుడుచుకుంది.

మంగలి గ్రూపులో తిట్లన్నీ వెనక్కి తీసుకున్నాడట, గుండు మొహాల గురించినవి తప్ప. వాటిని ఇంకా మార్చలేదు.

ఇప్పుడు బస్టాండుకు ఏ పని లేకపోయినా అప్పుడప్పుడు వెళ్ళొస్తాను. పైనుంచి ఆ గొంతు రాగానే పక్కన కూర్చున్నవాళ్ళతో అంటాను, "ఆ పిల్ల ఎవరో తెలుసా మీకు?" అని. తెలియదంటారు. వాళ్ళ బస్సు వచ్చేదాకా చెబుతాను. ఒకావిడ బస్సు వదులుకుని మరీ విన్నది.

అసలు గొప్ప సంగతి ఇంకా చెప్పలేదు. కొత్త ఆట దుకాణాల్లోకి రాకముందే కొన్ని జంటలకు పంపి, ఆడి లోపాలు చెప్పమన్నారు కంపెనీవాళ్ళు. అందులో మా పక్కింటివాళ్ళు కూడా ఉన్నారు. అది ఆడే మొదటి రోజు అన్నయ్యగారు గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, టక్ చేసుకుని సోఫాలో కూర్చున్నారు. "టీవీకి మీరు కనపడరండీ," అని వదిన ఎంత చెప్పినా వినలేదు. డ్యూటీ డ్యూటీయేనట.

ఆడారు. ఆటంతా అయ్యాక ఆ పిల్ల ఫోన్ తీసి రాయబోయింది.

"మామయ్యగారూ, రిఫరీ మాటిమాటికీ బంతికి అడ్డమొస్తున్నాడు. రాయనా?"

"వద్దమ్మా. పాపం ఎవరో పిల్లలు రాత్రింబగళ్ళు కూర్చుని చేసుంటారు. అంతా బాగుందని రాయి."

"బాగాలేనిది చెప్పమనే గదండీ పంపారు!"

"ఆయన డ్యూటీ ఆయన చేసుకుంటున్నాడు. అక్కడ నిలబడొద్దంటే ఎక్కడ నిలబడతాడు?"

"అదేంటండీ! మీరు కొట్టిన బంతి ఆయన వీపుకి తగిలేగా ఆగింది!"

అన్నయ్యగారు చొక్కా కాలరు సర్దుకున్నారు.

"నేను కొట్టిందేనా అది?"

"మీదే మామయ్యగారూ. లేకపోతే లోపలే."

"అయితే రాయి," అన్నారు ఆయన. "గట్టిగా రాయి."